లేనివాడి డాలరు

మనవాళ్ళ పిల్లలెవరైనా అమెరికా నుంచి సెలవుకి వచ్చినప్పుడు, చూడ్డానికి వెళ్ళిన పెద్దలు అడిగే ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది. "అక్కడ కూలివాళ్ళకి గంటకెంతిస్తారు నాయనా?" అని. ఇన్ని డాలర్లని ఆ కుర్రవాడు చెప్పీ చెప్పకముందే ఇక్కడ వేళ్ళమీద గుణకారం మొదలవుతుంది. గంటకి ఏడుంబావు డాలర్లంటే ఆరువందల రూపాయల పైమాటే. "అయితే అక్కడ పేదవాడే లేడన్నమాట!" అని అందరూ ముక్కున వేలేసుకుంటారు. డాలర్లలో సంపాదించేవాడు డాలర్లలోనే తినాలి, డాలర్లలోనే అద్దె కట్టాలి అన్న మాట ఆ గుణకారంలో ఎక్కడా కనబడదు.

నేను ఆర్థికశాస్త్ర పండితుణ్ణి కాను. కామర్సు చదువుకుని బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు వేసి చూడకుండా ఏ లెక్కా ఒప్పుకోవడం మాకు అలవాటు లేదు. ఆ అలవాటు కొద్దీ అమెరికా కూలివాడి లెక్క కూడా రెండు వైపులా వేసి చూద్దామనిపించింది.

ముందు జమ. 1938లో రూజ్వెల్టు ప్రభుత్వం చట్టం చేసి గంటకి 25 సెంట్లు కనీస వేతనంగా నిర్ణయించింది. పెరుగుతూ పెరుగుతూ 1968 నాటికి అది డాలరు 60 సెంట్లయింది. నేటి ధరల్లో చెప్పాలంటే అది సుమారు 15 డాలర్లు. 2009 జూలైలో అది 7 డాలర్ల 25 సెంట్లయింది. ఆ తరవాత కేంద్ర చట్టం కదల్లేదు. వారానికి 40 గంటలు, ఏడాదిలో 52 వారాలు ఒక్క రోజు నాగా లేకుండా పనిచేస్తే వచ్చేది 15,080 డాలర్లు. 2025లో ఆ ప్రభుత్వమే ఒంటరి మనిషికి గీసిన పేదరికపు గీత 15,650 డాలర్లు. అంటే చట్టం ప్రకారం పూర్తి జీతం తీసుకున్నవాడు చట్టం ప్రకారమే పేదవాడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. చాలా రాష్ట్రాలు అంతకన్న ఎక్కువ నిర్ణయించుకున్నాయి. 2025లో కాలిఫోర్నియాలో పదహారున్నర డాలర్లు. 2023 లెక్కల్లో, గంటల మీద జీతం పుచ్చుకునేవారిలో ఏడుంబావుకో అంతకన్న తక్కువకో పనిచేసేవారు సుమారు నూటికి ఒక్కరే. సరే, ఆ ఒక్కరినీ పక్కన పెడదాం. గంటకి 15 డాలర్లు తెచ్చుకునే ఒక తల్లినీ, ఆమె ఇద్దరు పిల్లల్నీ తీసుకుందాం. ఆమె జమ నెలకి 2,600 డాలర్లు.

ఇక ఖర్చు. రెండు పడకగదుల మామూలు ఇంటికి దేశం మొత్తం మీద సగటు అద్దె 2024లో నెలకి దాదాపు 1,670 డాలర్లు. సంపాదనలో నూటికి 30 లోపే అద్దెకి పోవాలని అక్కడి లెక్క. అలా కావాలంటే గంటకి 32 డాలర్ల పైన రావాలి. మన తల్లికి వచ్చేది అందులో సగమైనా లేదు. వృద్ధాప్యపు పింఛనుకీ, వైద్యానికీ అని జీతంలో ముందే కోసుకునేది 199 డాలర్లు. అద్దె పోగా, ఈ కోత పోగా చేతిలో మిగిలేది ఏడువందల ముప్పై. అందులోనే తిండి, కరెంటు, బట్టలు, పిల్లలు జబ్బుపడితే మందులు. పెద్ద నగరాలు కొన్ని తప్పిస్తే బస్సులు తక్కువ గనుక పనికి పోవడానికి కారు. అక్కడ కారు దర్జాకి కాదు, మన కూలివాడి సైకిలు వంటిది.

"ప్రభుత్వం తిండికి కూపన్లిస్తుంది గదా" అంటారు. ఇస్తుంది. పన్నులో కొంత తిరిగి ఇస్తుంది కూడా. అయితే 2020లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ విభాగం ఒక విషయం బయటపెట్టింది. తిండి సహాయమో పేదల వైద్యసహాయమో పొందుతూ జీతానికి పనిచేస్తున్న పెద్దవాళ్ళలో నూటికి 70 మంది పూర్తికాలం పనిచేసేవాళ్ళేనట! వాళ్ళు సోమరులు కారు. యజమాని ఇవ్వవలసిన జీతంలో కొంత భాగం సర్కారు ఖజానా నుంచి వస్తున్నది. సాయం పేదవాడి పేరు మీద రాస్తున్నారుగాని, పద్దు సరిగ్గా వేస్తే అందులో కొంత యజమాని ఖాతాలోనే జమ పడుతుంది.

హోటళ్ళలో వడ్డించేవారి సంగతి ఇంకా విచిత్రం. కేంద్ర చట్టం ప్రకారం యజమాని వాళ్ళకివ్వవలసిన నగదు గంటకి 2 డాలర్ల 13 సెంట్లు, అదీ 1991 నుంచి. తక్కినది తినడానికి వచ్చినవాళ్ళిచ్చే టిప్పుల్లో రావాలి. రాకపోతే యజమాని పూడ్చాలని చట్టంలో ఉంది. రేపు పనుంటుందో లేదో తెలియని మనిషి ఆ మాట అడగగలడా? చదువుకోడానికి వెళ్ళిన విదేశీ విద్యార్థి, కాలేజీ తెరిచి ఉండే రోజుల్లో ఆవరణలోనే, వారానికి 20 గంటలకి మించకుండా పనిచెయ్యాలి. ఖర్చులకి చాలక బయట చాటుగా ఏ పెట్రోలు బంకులోనో చేరిన కుర్రవాడికి ఎంతిస్తే అంత. ఫిర్యాదు చేస్తే ముందు వీసా పోతుంది. మన తెలుగు తల్లిదండ్రులు పిల్లవాణ్ణి పంపేముందు ఈ సంగతి కూడా తెలుసుకోవడం మంచిది.

ఇంతవరకూ చెప్పింది జీతం తక్కువన్న మాట. బ్యాంకులో పనిచేసేవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరొకటి. అక్కడ కలవాడి డాలరూ లేనివాడి డాలరూ ఒక్క ధరకి చెల్లవు.

బార్బరా ఎరెన్రీక్ అనే రచయిత్రి 1998లో మొదలుపెట్టి ఫ్లోరిడాలో హోటల్లో వడ్డించి, మెయిన్ రాష్ట్రంలో ఇళ్ళు తుడిచి, మిన్నెసోటాలో దుకాణంలో బట్టలు సర్ది, ఆ జీతంతోనే బతకగలనేమో చూసింది. ఆ అనుభవాలను 'నికెల్ అండ్ డైమ్డ్' అన్న పేరుతో 2001లో పుస్తకంగా వేసింది. ఇంటికి అడ్వాన్సు కట్టే స్తోమతు లేనివాళ్ళు వారానికింతని లాడ్జీ గదుల్లో ఉంటూ ఇంటద్దె కన్న ఎక్కువ కడతారని అందులో రాసింది. వంటగది ఉండదు గనుక తిండి బయట కొనుక్కోవాలి. నెల అద్దె ఒక్కసారి ముందుగా కట్టగలవాడికి ఇల్లు చవక. కట్టలేనివాడికే ప్రియం.

బ్యాంకు ఖాతాల్లోనూ ఇంతే. 2023లో అమెరికాలో దాదాపు 56 లక్షల కుటుంబాలకి ఖాతాయే లేదు. కారణమడిగితే ఎక్కువమంది చెప్పింది, కనీస నిల్వ ఉంచే డబ్బు మా దగ్గర లేదని. ఖాతా లేనివాడు జీతం చెక్కును సందులోని చెక్కుల దుకాణంలో ఇచ్చి, కొంత శాతం కోయించుకుని నగదు తెచ్చుకోవాలి. ఖాతా ఉన్నవాడికి వేరే గండం. నిల్వ లేనప్పుడు అయిదు డాలర్ల వస్తువు కొన్నా, ఓవర్ డ్రాఫ్టు కింద 35 డాలర్ల దాకా రుసుము పడేది. ఈ మధ్య కొన్ని పెద్ద బ్యాంకులు దీన్ని తగ్గించాయి, కొన్ని ఎత్తివేశాయి.

అన్నిటికంటె దారుణం 'పేడే లోన్' అనే అప్పు. అంటే జీతం రోజుదాకా ఇచ్చే చేబదులు. 300 డాలర్లు కావాలంటే జీతం చీటీ చూపించి, రెండు వారాల తరవాతి తేదీ వేసి 345 డాలర్లకి చెక్కు రాసివ్వాలి, లేదా ఖాతా నుంచి తీసుకోమని సంతకం పెట్టాలి. నూటికి 15 డాలర్లే గదా అనిపిస్తుంది. కాని అది రెండు వారాలకి. ఏడాదికి కడితే నూటికి 390. మన లెక్కలో చెప్పాలంటే నెలకి నూటికి ముప్పైరెండున్నర రూపాయల వడ్డీ! నూటికి మూడు రూపాయల వడ్డీ అంటేనే మనవాళ్ళు గుండెలు బాదుకుంటారు. గడువునాటికి 345 ఒక్కసారి తియ్యలేక 45 మాత్రం కట్టి గడువు పొడిగించుకుంటాడు. అసలు అలాగే ఉంటుంది. 2014లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి లెక్కతీస్తే, ఇలాంటి అప్పుల్లో నూటికి 80కి పైగా పద్నాలుగు రోజుల్లోనే పొడిగింపుగానో కొత్త అప్పుగానో మళ్ళీ పుట్టినవని తేలింది. ప్యూ అనే సంస్థ 2012లో చేసిన అధ్యయనం ప్రకారం, సగటు మనిషి 375 డాలర్ల అప్పును ఏడాదిలో ఎనిమిదిసార్లు తీసుకుని, వడ్డీకే 520 డాలర్లు పోస్తున్నాడు. ఇదంతా విలాసాలకా? కాదు. ఎక్కువమంది తీసుకున్నది అద్దెకీ, కరెంటు బిల్లుకీ, నెలనెలా తప్పని ఖర్చులకీ.

మన ఊళ్ళలో కూరగాయల బండివాడు పొద్దున తొమ్మిదివందలు పుచ్చుకుని సాయంత్రం వెయ్యి కట్టడం మనకు తెలుసు. తమిళనాట దీని బంధువు 'కందు వట్టి'. దాన్ని అరికట్టడానికి 2003లో చట్టమే చెయ్యవలసి వచ్చింది. మన దగ్గర ఈ వ్యాపారం చెట్టుకింద చాటుగా సాగుతుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని, నియాన్ దీపాలు పెట్టుకుని సాగుతుంది. తేడా అంతే. అందుకే 400 డాలర్ల ఆకస్మిక ఖర్చు వస్తే చేతి డబ్బుతోనో దానికి సమానమైన దానితోనో కట్టలేమని 2024లో కూడా నూటికి 37 మంది అమెరికావాళ్ళు చెప్పారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇది మారదా అంటే, మార్చాలనుకున్నప్పుడు మారింది. సైనికులు ఈ అప్పుల్లో కూరుకుపోతున్నారని, అందువల్ల దేశరక్షణకే ముప్పని సైన్యం మొరపెట్టుకోగా, 2006లో చట్టం చేసి సైనికులకీ వారి కుటుంబాలకీ ఇచ్చే అప్పు మీద వడ్డీ నూటికి 36 దాటకూడదన్నారు. సైనికుడికి 36, అదే వీధిలో ఆసుపత్రి గచ్చు కడిగే మనిషికి 390! న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ వ్యాపారమే సాగనివ్వరు. కాబట్టి ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు. 1911 నుంచి 1967 దాకా అమెరికాలో తపాలా ఆఫీసులో పొదుపు ఖాతాలుండేవి. వాటిని ఎత్తేశారు. మనకు 1882 నుంచి ఉన్నవి ఇప్పటికీ ఉన్నాయి.

అడిగితే వస్తుందని చెప్పే కథ మెంఫిస్ నగరంలో ఉంది. 1968 ఫిబ్రవరి 1న వాన కురుస్తుంటే చెత్తబండి వెనక తొట్టిలో తలదాచుకున్న ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి కార్మికుల్ని చెత్త నొక్కే యంత్రం నలిపి చంపేసింది. ఫిబ్రవరి 12 నుంచి సుమారు 1,300 మంది పారిశుధ్య కార్మికులు పని మానేశారు. రోజంతా చెత్త మోసి కూడా సర్కారు సాయానికి అర్హులయ్యేంత పేదలు వాళ్ళలో ఎందరో. 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని ఊరేగారు. మార్టిన్ లూథర్ కింగు వాళ్ళకి అండగా వచ్చి ఏప్రిల్ 4న అక్కడే హత్యకు గురయ్యాడు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. పెరిగింది రెండు విడతలుగా గంటకి 15 సెంట్లు. సంఘం చందాను జీతంలోంచి కోసి ఇవ్వడానికి నగరం ససేమిరా అంటే, చివరికి ఉద్యోగుల పరపతి సంఘం ద్వారా కట్టుకునే ఏర్పాటు చేశారు. కార్మికుల సొమ్ము కార్మికులకే అక్కరకొచ్చే ఆ చిన్న సంఘం ఆనాడు ఒక చిక్కుముడి విప్పింది. పరపతి సంఘం విలువ తెలిసినవాడిగా నాకా సంగతి చదివినప్పుడు గొప్ప సంతోషం కలిగింది.

ఈ కథ మనకి పరాయిది కాదు. మద్రాసులోనూ బెంగళూరులోనూ తెల్లవారకముందే వీధులూడ్చే వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో! తరాల కిందట వలసవచ్చి, భాష నిలుపుకున్నవాళ్ళు. భాషాభిమాన సభల్లో మనం వాళ్ళని పిలిచేది తక్కువ. 2025 ఆగస్టులో చెన్నై రిపన్ భవనం ముందు పారిశుధ్య కార్మికులు పదమూడు రోజులు కూర్చున్నారు. పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే ఉన్న జీతం కూడా తగ్గుతుందని వాళ్ళ బాధ. మెంఫిస్ వాళ్ళు అడిగింది వాళ్ళకి ఎవరూ అనువాదం చేసి చెప్పనక్కరలేదు.

దేశం ఎంత ధనవంతమైనదో తెలుసుకోవాలంటే అక్కడి సగటు ఆదాయం చూస్తారు. సగటు అన్నది కలవాడి సొమ్ములో లేనివాడి లేమిని దాచేసే అంకె. దానికి బదులు, ఆ దేశంలో అందరికంటె తక్కువ సంపాదించే మనిషి వంద అప్పు కావాలంటే ఎవరి గడప తొక్కాలి, ఎంత వడ్డీకి తెచ్చుకోవాలి అని అడిగితే నిజమైన జవాబు దొరుకుతుంది. ఈ ప్రశ్న వాషింగ్టనుకి ఎంత వర్తిస్తుందో మన ఊరి బ్యాంకు శాఖకీ అంతే వర్తిస్తుంది. 2014లో జనధన్ ఖాతాలు వచ్చి కనీస నిల్వ లేకుండానే కోట్లమంది మా గుమ్మం లోపలికి వచ్చారు. వాళ్ళు అప్పు కోసం ఇంకా చెట్టుకిందికి వెళ్ళవలసి వస్తున్నదంటే, తెరిచింది తలుపే గాని పెట్టె కాదన్నమాట. ఆ పెట్టె దగ్గర కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనుక ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.