బంగారం వాళ్లది, పనితనం మాది

మా ప్రొద్దుటూరులో దసరా అంటే మాటలు కాదు. ఊరంతా లైట్లు, మైకులు, రాత్రంతా జనం. ఆ సందడిలోనే పోయిన దసరాకు ఒకరోజు మేడ మీద గదిలో కూర్చొని బీజీఎంఐ లైవ్ పెట్టాను. కిటికీ మూసినా వీధి చివరి మైకులోంచి సినిమా పాట లోపలికి వచ్చేస్తోంది. నేను పట్టించుకోలేదు. టీమ్‌లో నేనొక్కడినే మిగిలాను, చాట్ పరుగులు పెడుతోంది. ఇంక పాట ఎవరికి కావాలి?

తెల్లారి ఫోన్ చూస్తే మెయిల్. వీడియోలో ఫలానా పాట ఉంది, దాని హక్కులు వేరేవాళ్లవి, వీడియో తీసేశాం అని. ఛానల్ మీద ఒక స్ట్రైక్. ఇంకో రెండు పడితే ఛానలే ఉండదు. మూడేళ్ల కష్టం!

ఛానల్‌కు మేం ముగ్గురం. నేను ఆడతాను. జమ్మలమడుగులో ఉండే మా చిన్నాయన కొడుకు ఎడిటింగ్ చూస్తాడు. పులివెందులలో ఇంజనీరింగ్ చదివే ఫ్రెండ్ కామెంటరీ చెప్తాడు. వాడి సీమ మాట కోసమే సగం మంది వస్తారు. వచ్చే డబ్బు ముగ్గురం పంచుకుంటే రీచార్జ్‌కు, పెట్రోల్‌కు సరి. కానీ మా తమ్ముడు ఒకసారి దాంతోనే పరీక్ష ఫీజు కట్టుకున్నాడు. ఆ రోజు వాడి ముఖం చూడాలి మీరు.

స్ట్రైక్ సంగతి చెప్పగానే వాడు ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "అన్నా, పాట మనది కాదు, సరే. మరి గేమ్ మాత్రం మనదా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదా! మ్యాపు, తుపాకులు, బొమ్మలు, శబ్దాలు అన్నీ కంపెనీవే. మేం కలిపేది ఆట, మాట.

చట్టం ఏమంటోందో చదవడం మొదలుపెట్టాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో పెద్ద సవరణ జరిగింది. 52వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు ఇలా. గేమ్ ఆడుతూ లైవ్ పెట్టడం అనే మాట మాత్రం అందులో లేదు. 'నేను చేసేది సమీక్షే' అని వాదించొచ్చు. కానీ మూడు గంటలు ఆడి, నడుమ నాలుగు జోకులేస్తే అది సమీక్ష అవుతుందా? కోర్టు దాకా పోతే గానీ తేలదు. తెలిసీ హక్కులు ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు శిక్ష తగ్గించొచ్చు. యాడ్స్ ఆన్ చేసుకున్న మాలాంటోళ్లు ఆ మాట చెప్పుకోవడం కష్టమే.

మరి ఇన్ని వేల మంది ఎలా ఆడుతున్నారు? కంపెనీలు చూసీ చూడనట్టు ఉంటాయి కాబట్టి. మా వీడియోలు వాళ్లకు ఫ్రీ ప్రచారం. కొన్ని కంపెనీలు రూల్స్ రాసిపెట్టాయి. నింటెండో 2015లో ఒక పథకం పెట్టి వీడియోల ఆదాయంలో వాటా తీసుకుంది. 2018లో దాన్ని ఎత్తేసి, ఫలానా షరతులతో ఆడుకోండి అంది. మంచిదే. కానీ ఇచ్చినవాళ్లు మళ్లీ వెనక్కి తీసుకోవచ్చు కదా. అది దయ, హక్కు కాదు.

కొత్త చట్టాల్లో ఒక్క వాక్యం తేడాతో బతుకులు మారతాయి. అమెరికాలో 2011లో ఒక బిల్లు వచ్చింది. అనుమతి లేని స్ట్రీమింగ్‌కు ఐదేళ్ల దాకా జైలు అన్నారు. గేమర్లు భయపడి గొడవ చేశారు, బిల్లు ఆగిపోయింది. 2020 డిసెంబర్‌లో మళ్లీ చట్టం చేసినప్పుడు, పైరసీ కోసమే నడిచే వ్యాపార సర్వీసుల మీద గురిపెట్టి రాశారు. గదిలో కూర్చొని ఆడుకునేవాడిని వదిలేశారు. యూరప్ 2019లో ఇంకో దారి పట్టింది. జనం ఎక్కించే వీడియోలకు పెద్ద ప్లాట్‌ఫాంలే బాధ్యత వహించాలంది. అప్పుడు ప్లాట్‌ఫాంలు మిషన్ల మీద ఇంకా ఆధారపడతాయన్నది అందరి భయం. మిషన్‌కు దసరా మైకు ఏం తెలుస్తుంది?

అయితే కంపెనీల బాధ కూడా ఉత్తది కాదు. జపాన్‌లో ఒకాయన కథే ప్రాణమైన గేమ్‌ను ముగింపుతో సహా వీడియో పెట్టి యాడ్స్ డబ్బు తీసుకున్నాడు. 2023లో సెండాయ్ కోర్టు రెండేళ్ల జైలు వేసి, దాన్ని ఐదేళ్లు నిలిపి ఉంచింది. పది లక్షల యెన్‌ల జరిమానా కూడా. ముగింపు ఫ్రీగా చూసినోడు గేమ్ ఎందుకు కొంటాడు?

మన దేశంలో 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఆడేవాడికి గౌరవం దక్కింది. ఆ ఆటను నలుగురికీ చూపించేవాడి సంగతే ఇంకా తేలలేదు.

ఇదంతా మా నాయనకు చెప్పాను. ఆయన బంగారు పని చేస్తాడు. షాపువాళ్లు బంగారం తూకమేసి ఇస్తారు, చీటీ మీద గ్రాములు, తరుగు, కూలి రాసుంటాయి. నేను చెప్పిందంతా విని, చేతిలో పని ఆపకుండానే అన్నాడు. "బంగారం వాళ్లది. పనితనం నాది. నా కూలి నేను అడగాలంటే చీటీ ఉండాల. మీకాడ చీటీ ఉందా?"

లేదు. మాకు కావాల్సింది అదే. రేపు కొత్త చట్టం ఎవరు రాసినా, ఎంత చూపించొచ్చో, దేనికి అడగాలో ముందే రాసిపెట్టాలి. పొరపాటు స్ట్రైక్ పడితే ఒక మనిషి వినాలి. వీధిలోంచి వచ్చిన పాటకు మూడు గంటల వీడియో మొత్తం పోకూడదు.

అప్పటిదాకా మా చీటీ మేమే రాసుకుంటున్నాం. ఒక నోట్‌బుక్ పెట్టాం. ఆడే ప్రతి గేమ్ పేరు, వీడియోల గురించి ఆ కంపెనీ ఏం రాసింది, ఏ తేదీన చూశాం, స్క్రీన్‌షాట్ ఎక్కడుంది. పది నిమిషాల పని. మీరూ ఛానల్ నడుపుతుంటే ఈ రోజే మొదలుపెట్టండి.

మూడు నెలలకు స్ట్రైక్ పోయింది. ఈసారి దసరాకు లైవ్ వద్దనుకున్నాం. పులివెందుల ఫ్రెండ్‌కు అదే నచ్చలేదు. "పండగ మనది, ఊరు మనది. మనమే నోరు మూసుకోవాలనా?" అన్నాడు.

వాడికి ఇంకా జవాబు చెప్పలేదు.