అద్దె ఇల్లు, అన్నదమ్ములు, రక్తపు పోటు

"తలనొప్పికి ఏదైనా మాత్ర రాయండి డాక్టరుగారూ" అంటూ వచ్చేవారిని నేను ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతాను. రాత్రి నిద్ర సరిగా పడుతోందా? ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు? రెండో ప్రశ్న విని చాలామంది ఆశ్చర్యపోతారు. తలనొప్పికీ, ఇంట్లో మనుషుల లెక్కకూ సంబంధం ఏమిటని వారి అనుమానం. ఆ సంబంధం నాకు పుస్తకాల్లో కంటే మా ఇంట్లోనే బాగా తెలిసివచ్చింది. ఆ సంగతే ఈ వారం మీతో చెబుతాను.

2016లో నాకు విజయవాడ బదిలీ అయింది. మా తమ్ముడు అప్పటికే అక్కడ ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. "వేరువేరుగా ఎందుకన్నయ్యా? ఒకే ఇల్లు తీసుకుందాం. అమ్మ మనిద్దరి దగ్గరా ఉన్నట్టుంటుంది" అన్నాడు. ఏప్రిల్‌లో మూడు పడకగదుల ఫ్లాటు తీసుకున్నాం. అద్దె 18,000, అడ్వాన్సు 54,000. అన్నీ చెరిసగం. అగ్రిమెంటు మీద ఇద్దరి సంతకాలు. 11 నెలలకొకసారి మళ్ళీ రాసుకునేవాళ్ళం.

మొదటి ఏడాది పండగలా గడిచింది. తరువాత నాకు నైట్ డ్యూటీలు ఎక్కువయ్యాయి. తెల్లవారి వచ్చి పడుకునేసరికి ఇంట్లో అసలు సందడి మొదలయ్యేది. కుక్కరు కూతలు, టీవీ, బడికి వెళ్ళే పిల్లల హడావుడి. ఏడు గంటలు నిద్రపోవలసినవాణ్ణి మూడు గంటలకే లేచి కూర్చునేవాణ్ణి. తమ్ముడితో ఏమీ అనలేదు. సొంతవాళ్ళను ఏమంటాం? ఇంట్లో దిగమింగిన కోపాన్ని ఆసుపత్రిలో, పాపం, రోగుల మీద చూపించేవాణ్ణి.

2018 అక్టోబరులో ఒకరోజు మా స్టాఫ్ నర్సు బలవంతంగా నా చేతికి పట్టీ చుట్టింది. రక్తపు పోటు 164/102. మరి రెండు రోజులు చూసినా అంతే. తోటి డాక్టరు మాత్ర రాసి, "మందు నేను రాస్తాను. నిద్ర మాత్రం మీరే సంపాదించుకోవాలి" అన్నాడు.

నిద్రలో మన రక్తపు పోటు సహజంగా కొంత దిగుతుంది. నిద్ర చాలనివారికి ఆ విశ్రాంతి దొరకదు. మనసులో ఎడతెగని ఒత్తిడి ఉంటే నరాలు, కొన్ని గ్రంథుల స్రావాలు గుండెను తరుముతూనే ఉంటాయి. వంశం, ఉప్పు, అధిక బరువు, మద్యం వంటి కారణాలకు ఇవి తోడవుతాయి. ఇంకో సంగతి. రక్తపు పోటు ఉన్నవారిలో చాలామందికి తలనొప్పి కాదు గదా, ఏ బాధా ఉండదు. అందుచేత బాధ లేకపోయినా చూపించుకోవలసిందే.

డిసెంబరు ఆఖరుకు అగ్రిమెంటు గడువు తీరుతుంది. అప్పుడు విడిగా వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాను. ఎంతోమంది రోగులకు చేదు వార్తలు చెప్పిన నాకు, ఈ ఒక్క మాట తమ్ముడికి చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ నెల గడిపేశాను. ఈలోగా మెట్ల మీద ఎదురైన ఇంటాయన కొత్త అగ్రిమెంటు మాట ఎత్తితే, "ఈసారి నా పేరు ఉండకపోవచ్చండీ" అనేశాను. మరునాడు ఆయన మా తమ్ముణ్ణి ఆపి, "మీ అన్నగారు వెళ్ళిపోతున్నారటగా, మొత్తం అద్దె మీరొక్కరే ఇవ్వగలరా?" అని అడిగాడు.

నాలుగు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. ఇల్లంతా మూగపోయింది. మా అమ్మకు ఏ సంగతీ ఎవరూ చెప్పలేదు. కానీ ఆవిడ కనిపెట్టింది. "ఆకలి లేదు నాయనా" అంటూ పళ్ళెం పక్కకు నెట్టేది. ఐదో రోజు ఉదయం షుగరు మాత్ర వేసుకుని, టిఫిను తినకుండానే పడుకుంది. కాసేపటికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. రక్తం చూస్తే చక్కెర 58! స్పృహ ఉంది గనుక మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించి, తేరుకున్నాక ఇడ్లీ పెట్టాం. అంతసేపూ తమ్ముడు ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ పూటే ఇద్దరం మాట్లాడుకున్నాం. "నువ్వు వెళ్తానన్నందుకు కాదన్నయ్యా. ఆ మాట ఇంటాయన నోట వినవలసి వచ్చింది, అదీ నా బాధ" అన్నాడు. కాసేపాగి, "నువ్వు పడుకున్నప్పుడు పిల్లలు దగ్గాలన్నా భయపడుతున్నారు. మీ మరదలు మిక్సీ వేసి ఎన్నాళ్ళయిందో! నేనూ ఏడాదిగా చెప్పలేకపోతున్నాను" అన్నాడు. ఓర్చుకుంటున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. గోడకు అటువైపు వాళ్ళూ ఓర్చుకుంటున్నారు.

వాడి పెద్దకొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. మార్చిలో పరీక్షలు. అవి అయ్యేదాకా నేను ఉండి నా వాటా అద్దె ఇచ్చేటట్టు, ఆ తరువాత వాడు అదే వీధిలో చిన్న వాటాలోకి మారేటట్టు అనుకున్నాం. ఇంటాయన కూడా మూడు నెలలకు పొడిగిస్తూ కాగితం రాసిచ్చాడు. అమ్మను మాత్రం పంచుకోలేదు. ఎక్కడుంటావని ఆవిడనే అడిగాం. "పిల్లాడి పరీక్షలయ్యాక చెబుతాను" అంది.

మీ ఇంట్లోనూ ఇటువంటి పరిస్థితి ఉంటే నా పొరపాటు మీరు చేయకండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అందుకే మన అగ్రిమెంట్లు ఎక్కువగా 11 నెలలకే రాసుకుంటారు. ఆ గడువుకు కనీసం రెండు మూడు నెలల ముందే మీవాళ్ళకు ఎదురుగా కూర్చుని చెప్పండి. వాళ్ళకు చెప్పాకనే ఇంటాయనకు చెప్పండి. తప్పులు ఎంచకండి. "నాకు నిద్ర చాలడంలేదు" అనడం వేరు, "మీ పిల్లలు నిద్రపోనివ్వడంలేదు" అనడం వేరు.

డబ్బు సంగతి కాగితం మీద పెట్టుకోండి. ఒకరు ఆ ఇంట్లోనే ఉండిపోయేటట్టయితే వెళ్ళేవారి వాటా అడ్వాన్సు ఎవరు, ఎప్పుడు ఇస్తారో, కరెంటు బకాయి ఎవరిదో రాసుకోండి. కొత్త అగ్రిమెంటు ఉండేవారి పేరనే రాయించి, పాత అగ్రిమెంటు రద్దయినట్టు ఇంటాయన చేత సంతకం పెట్టించుకోండి. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని మొహమాటపడకండి. రేపు మాట తేడా రాకుండా కాపాడేది ఆ కాగితమే.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే విషయం వాళ్ళకు దాచకండి. ఇల్లు మారే రోజుల్లో వాళ్ళ మందులూ చీటీలూ సామాన్లలో కలిపెయ్యకుండా చేతిసంచీలో పెట్టుకోండి. షుగరు మాత్రలు వాడేవారు భోజనం మానితే ఎంత ప్రమాదమో మా అమ్మ విషయంలో చూశారుగా!

రక్తపు పోటు చూపించుకునేముందు అరగంటపాటు కాఫీ, సిగరెట్టు మానండి. ఐదు నిమిషాలు ఊరక కూర్చోండి. వేరువేరు రోజుల్లో చూసినా 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే డాక్టరు సలహా తీసుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించనివ్వకండి. ఊరగాయ, అప్పడాలు కూడా ఆ లెక్కలోవే.

ఇల్లు మారితే రక్తపు పోటు నయమవుతుందని మాత్రం అనుకోకండి. నేను ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాను. అయితే నిద్ర పడుతోంది, రోగుల మీద విసుక్కోవడం తగ్గింది. మార్చి ఆఖరున నా సామాను లారీకి ఎక్కించింది మా తమ్ముడే. అమ్మ ముందు వాడి దగ్గర ఉంటానంది. ఆ మరుసటి ఆదివారం నేను వెళ్ళేసరికి వంటింట్లో మిక్సీ గట్టిగా తిరుగుతోంది.