నరసాపురం నూలు జుంకాలు

యానాం నుంచి నరసాపురం వెళ్ళడానికి రెండు దారులున్నాయి. యెదుర్లంక వంతెన దాటి, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు మీదుగా దిండి దగ్గర చించినాడ వంతెనెక్కి పాలకొల్లు చుట్టి రావడం ఒకటి. సఖినేటిపల్లి రేవుకు పోయి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటడం రెండోది. మొదటి దారిలో హాయిగా నిద్రపోవచ్చు. రెండో దారిలో మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరికాయల బస్తాల మధ్య నిలబడాలి. అయినా సరే, వరద లేని రోజుల్లో పంటే మేలని నా అభిప్రాయం. అవతలి ఒడ్డు నెమ్మదిగా దగ్గరవుతుంటే ఇది ఒకప్పుడు ఓడలొచ్చిన ఊరన్న సంగతి గుర్తుకొస్తుంది. ఊరి పక్కనున్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వారు బట్టల వ్యాపారం చేసేవారు. ఆ పాలెం పేరే దొరలకు నోరు తిరగక 'మాడపొల్లం' అయి, ఒక రకం నూలుబట్ట పేరుగా లోకమంతా తిరిగింది.

మేము వెళ్ళింది బట్ట కోసం కాదు, లేసు కోసం. మా అక్క కూతురు ఎక్కడో క్రోషా నగలు చూసి, "పిన్నీ, బంగారం కొనే రోజులా ఇవి? ఇవి నేర్చుకుని అమ్ముకుంటాను" అంది. నేర్చుకునేదేదో తాతల నాటి నుంచీ అదే పనిలో ఉన్న ఊళ్ళో నేర్చుకోమని కిందటి మాఘమాసంలో వెంటబెట్టుకుని వెళ్ళాను. అంతర్వేది తీర్థం రోజులు కాబట్టి పంటు మీద కాలు పెట్టడానికి చోటు లేదు.

ఈ ఊరికి లేసు క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో మిషను నెలకొల్పాయి. 19వ శతాబ్దంలోనే మిషనరీ స్త్రీలు కొత్తగా క్రైస్తవంలో చేరిన పేద ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పారు. తరవాత అది కాపుల ఇళ్ళలోకీ, ఇతర కులాల ఇళ్ళలోకీ పాకింది. గడప దాటకుండా, చీకటి పడ్డాక కూడా చేసుకోగల పని కావడమే అందుకు కారణం. ఆ కారణమే వాళ్ళ కూలిని కూడా తినేసింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడ ఉండి, 'నరసాపురం లేసు అల్లే స్త్రీలు' అనే అర్థం వచ్చే పేరుతో 1982లో ఇంగ్లీషు పుస్తకం వేశారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే మనిషికి ఆనాడు ముట్టింది రూపాయిలోపేనని ఆమె లెక్కగట్టారు. అల్లేవాళ్ళు ఆడవాళ్ళు, ఎగుమతి చేసేవాళ్ళు మగవాళ్ళు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అని పేరు పెట్టి, దానికి కూలి లెక్క అక్కరలేదనిపించారని ఆమె వాదం. నాకైతే అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు.

మాకు పని నేర్పినావిడ డెబ్బై దాటిన పెద్దావిడ. అరుగు మీద కూర్చుని, దారం ఉండను ఒక స్టీలు చెంబులో వేసుకుని అల్లుతారు. ఉండ దొర్లిపోకుండా, మట్టి అంటకుండా అదే ఉపాయం. చక్రాలు, పువ్వులు విడివిడిగా అల్లడాన్ని చేతిపని అనీ, వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడాన్ని అతుకుపని అనీ అంటారు. చాలామందికి ఏదో ఒకటే వచ్చు. మొత్తం దుప్పటి ఎలా ఉంటుందో చూడకుండానే జీవితమంతా చక్రాలు అల్లినవాళ్ళు ఉన్నారు.

"సూది వంక చూడకు అమ్మాయ్, ఎడమ చేతి చూపుడువేలు చూసుకో. దారం బిగువంతా దాందే" అన్నారావిడ.

"ఆయ్, అలాగేనండి" అని మా పిల్ల మొదటి పూటంతా గొలుసు కుట్టే వేసింది, విప్పింది.

జుంకా సంగతి చెబుతాను, ఇష్టమున్నవారు ప్రయత్నించండి. చిన్న ఉచ్చు వేసి అందులో 6 పొట్టి కుట్లు వేయాలి. రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12, మూడో వరసలో ఒకటి విడిచి ఒకదాంట్లో రెండేసి వేస్తే 18. ఇలా వరసకు ఆరు పెంచుకుంటూ పోతే బిళ్ళ చదునుగా వస్తుంది. పెంచడం ఆపేసి కుట్టుకు కుట్టు వేస్తే అంచు దానంతటదే కిందికి వంగి గిన్నె అవుతుంది. అదే జుంకా. అంతకంటే రహస్యం లేదు. అంచున పూసలు కావాలంటే అల్లిక మొదలుపెట్టకముందే దారానికి గుచ్చి ఉంచుకోవాలి, తరవాత ఒక్కొక్కటీ ముందుకు జరుపుకోవాలి. నగలకు సన్నదారం బాగుంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. గట్టిపడడానికి పాతవాళ్ళు గంజి పెట్టేవారు. కానీ గంజి వానాకాలంలో మెత్తబడుతుంది, పురుగులూ చేరతాయి. తెల్ల జిగురు నీళ్ళలో కలిపి ముంచి, గోళీకాయ మీద బోర్లించి ఆరబెడితే నిలుస్తుంది. బరువు ఉండదు కాబట్టి నాలాగా చెవి తమ్మెలు సాగినవాళ్ళకు ఇవి వరమే.

మూడో రోజుకు మా పిల్ల ఒక జత పూర్తి చేసింది. సాయంత్రం కూర్చుని లెక్క వేసింది. దారం, పూసలు, కొక్కేలు, జిగురు కలిపి 30 రూపాయలు. చేయి తిరిగాక కూడా జతకు 3 గంటలు. గంటకు 50 చొప్పున కట్టుకున్నా 180. బస్సు చార్జీ, బల్ల అద్దె, అమ్ముడుపోక మిగిలేవి వేసుకుంటే 250కి తగ్గకూడదు. "బజార్లో 100కే ఇస్తున్నారే!" అన్నాను నేను. పెద్దావిడ నవ్వారు. యంత్రం మీద లేసులాంటిది చేస్తారు గాని, అసలు కొక్కెం సూది అల్లికను చేసే యంత్రం ఇంతవరకూ వ్యాపార వాడకంలోకి రాలేదు. కాబట్టి 100 రూపాయల జత నిజంగా క్రోషాదే అయితే, అది కూడా ఎవరో ఒక మనిషి చేతితో అల్లిందే. ఆ మనిషికి ఎంత ముట్టిందో మీరే ఊహించుకోండి.

చిక్కు నాలుగో రోజున వచ్చింది. పెద్దావిడ తనంతట తానే, "బిళ్ళలు మేం ముగ్గురం అల్లి పంపుతాం, నువ్వు పూసలూ కొక్కేలూ పెట్టి అమ్ముకో. ఏజెంటు ముక్కకు ఎంతిస్తాడో అంతే ఇవ్వు" అన్నారు. పిల్ల ఆ రేటును గంటలకు మార్చి చూసింది. గంటకు 15 రూపాయలు కూడా పడలేదు. తనకు తాను 50 వేసుకున్న మనిషి, తనకు నేర్పినావిడకు 15 ఎలా ఇస్తుంది? అలాగని అందరికీ 50 వేసి, అతుకుపనికీ అమ్మకానికీ తన కూలి కలిపితే ధర 300 దాటుతుంది. ఆ రాత్రి పిల్లకు నిద్ర లేదు. పొద్దున్న, "గంటకు 50 ఇస్తానండి, కానీ ముందుగా డజను జతలకే" అంది. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. ఈ సంగతి తెలిస్తే ఏజెంటు పని ఇవ్వడం మానేస్తాడేమోనని ఆవిడ భయం. చివరికి దారం మా పిల్లే వేరుగా కొని పంపేటట్టు, ఏజెంటు దారంతో కలవకుండా ఉండేటట్టు మాట్లాడుకున్నారు.

ఇంకొక్క మాట. నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వేసి అమ్మాలంటే నమోదు చేసిన ప్రాంతంలో తయారై ఉండాలి, అధీకృత వినియోగదారుగా చేరి ఉండాలి. యానాంలో అల్లినదానికి ఆ పేరు తగిలించడం కుదరదు. అందుకని పిల్ల అట్టముక్క మీద 'చేతి అల్లిక, నూలు దారం' అని మాత్రమే రాస్తోంది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయం వారిచ్చే 'పెహచాన్' కార్డు ఉంటే ప్రదర్శనల్లో స్టాలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేర్చుకునే ఆడపిల్లలు ముందు ఆ పని చూసుకోవడం మంచిది.

ఉగాదికి 12 జతలూ బల్ల మీద పెట్టింది, జత 320. ఏడు అమ్ముడుపోయాయి. బేరమాడినవాళ్ళకు ఆ గంటల లెక్క రాసిన కాగితం చూపించేది. ఇద్దరు చదివి కొన్నారు, ఒకావిడ చదివి వెళ్ళిపోయింది. ముగ్గురి కూలీ మర్నాడే పంపించింది. మిగిలిన అయిదు జతల్లో ఎర్రవి నేనే తీసుకున్నాను, నాకూ 320కే.