సిలబస్‌లో లేని పది నిమిషాలు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌కి కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక నాన్నగారు నన్ను అడిగారు: "మేడమ్, సూపర్ కండక్టర్ అంటూ మావాడు ఇంట్లో ఒకటే గోల. అది పబ్లిక్ పరీక్షలో వస్తుందాండీ?" రాదండీ. ఫీజు కడుతున్నవారు అడగాల్సిన ప్రశ్నే అది. అందుకే ఆ పీరియడ్‌లో ఏం జరిగిందో మీ అందరికీ చెబుతున్నాను.

10వ తరగతికి విద్యుత్ నిరోధం పాఠం. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గ్లాసులో పోసి, 9 వోల్టుల బ్యాటరీ, ఎల్ఈడీ బల్బు కలిపాం. వెలగలేదు. చిటికెడు ఉప్పు వేశాక వెలిగింది. చేపల చెరువుల మధ్య పెరిగిన పిల్లలు కదా, తడి చేతులతో మోటారు ముట్టుకోకూడదని వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. కానీ ఒకడు అడిగాడు: "మేడమ్, నీళ్లలో కాకుండా రాయిలో ఏదైనా కలిపితే?"

అలాంటి రాయి ఉంది. పేరు స్ట్రాన్షియం టైటనేట్, ఒక ఆక్సైడ్. ఒకప్పుడు దాన్ని వజ్రం బదులు నగల్లో పొదిగేవారట. శుద్ధంగా ఉంటే అందులో కరెంటు వెళ్లదు. కొద్దిగా ఆక్సిజన్ తీసేసినా, కొద్దిగా నియోబియం కలిపినా ఎలక్ట్రాన్లు కదులుతాయి. (ఉప్పునీళ్లలో కదిలేవి అయాన్లు. ఈ తేడా నోట్సులో రాయించాను.) 1964లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ శాస్త్రవేత్తలు, ఆక్సిజన్ తగ్గించిన ఆ స్ఫటికాన్ని పరమశూన్యానికి 0.3 డిగ్రీల దగ్గర దాకా చల్లబరిచారు. నిరోధం పూర్తిగా మాయమైంది! రాగిలో ఉన్నవాటిలో సుమారు లక్షో వంతు ఎలక్ట్రాన్లు ఉన్నా ఇది జరుగుతుంది. పోనీ ఎక్కువ కలుపుదామా అంటే, మోతాదు మించితే ఆ గుణమే పోతుంది.

ఇంత తక్కువ ఎలక్ట్రాన్లు ఎలా జతకడుతున్నాయో శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ఆ మాట చెప్పగానే క్లాసులో గోల. అరవై ఏళ్లయినా తేలలేదా అని! మన పిల్లల్లో చాలామంది తాడేపల్లిగూడెం నిట్‌లో సీటు కోసం చదువుతున్నారు. సీటు వచ్చాక వాళ్లకు ఎదురయ్యేవి ఇలాంటి ప్రశ్నలే.

ఆ వారం వీక్లీ టెస్టులో మా సెక్షన్ ర్యాంకులేమీ పెరగలేదు. అయితే నిరోధం దేనిమీద ఆధారపడుతుందని అడిగితే, పొడవు, మందం, ఉష్ణోగ్రతతో పాటు "పదార్థంలో ఏం కలిసిందో దాని మీద" అని ఏడుగురు సొంతంగా రాశారు. ఆన్సర్ కీలో అది లేదు. మార్కు వేశాను.

ఒక్క మనవి. ఈ ప్రయోగం ఇంట్లో చేస్తామంటే చిన్న బ్యాటరీతోనే చేయనివ్వండి, ప్లగ్గు జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.