కన్నీరును నిరీక్షణయు



చావు చూడని యిల్లు లేదు. మేడ యైనను పూరిపాక యైనను నొకనాటి కది రాక మానదు. అట్టి సమయమున ఇరుగుపొరుగువారును బంధువులును వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పి దుఃఖితుల నోదార్చుట అన్ని మతములవారియందును గల ధర్మమే. మా క్రైస్తవ కుటుంబములలో అప్పుడు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఏడువకుము, మనకు నిరీక్షణ యున్నది" అని. నిరీక్షణ యున్న మాట నిజమే. మా బ్రదుకులు దానిమీదనే నిలిచియున్నవి. కాని నిరీక్షణ గలవారు కన్నీరు విడువరాదా? ఈ ప్రశ్న మా యింటనే పుట్టినది గనుక, దానిని గూర్చి నాకు తోచిన సంగతులు ఇచట వ్రాయుచున్నాను.

మా అమ్మ ప్రభువునందు నిద్రించి మూడేండ్లయినది. డెబ్బదియొక్క యేండ్ల వయస్సు. పదునెనిమిది దినములు మంచము పట్టి, యొక శనివారము తెల్లవారుజామున వెళ్లిపోయినది. పండుటాకు రాలినదని లోకము చెప్పవచ్చును. కాని తల్లికి ఎన్ని యేండ్లు వచ్చినను, పోయిననాడు బిడ్డకు తల్లి పోయినట్లే గదా! భూస్థాపన జరుగువరకు ఇల్లంతయు జనముతో నిండియుండెను. స్త్రీలు చాపలపై కూర్చుండి కీర్తనలు పాడుచుండిరి. పెట్టె ప్రక్కన మా నాన్నగారు కూర్చుండిరి. ఆయన ముప్పదియేండ్లు సంఘపు పెద్దగా నున్నవారు. చావు కలిగిన యిండ్ల కెన్నిటికో వెళ్లి ప్రార్థన చేసి యాదరించినవారు. ఆనాడు మాత్రము చిన్నపిల్లవానివలె నేడ్చిరి. అది చూచి యొక పెద్దమనిషి ఆయన చేయి పట్టుకొని, "అయ్యా, మీరే యిట్లేడ్చినచో ఊరివారు చూచి యేమనుకొందురు? మన సాక్ష్యము చెడిపోవును" అని మెల్లగా మందలించిరి. నాన్నగారు కండ్లు తుడుచుకొని, "లాజరు సమాధియొద్ద ప్రభువు ఏడ్చెను గదండీ. ఆయన సాక్ష్యము చెడిపోయినదా?" అనిరి. ఆ పెద్దమనిషి మరి మాటాడలేదు. కొంతసేపటి కాయనయు ఉత్తరీయముతో కండ్లు తుడుచుకొనుట చూచితిని.

నాటినుండి యోహాను సువార్తలోని పదునొకండవ అధ్యాయమును మరల మరల చదువుచున్నాను. బేతనియలో అక్కచెల్లెండ్రు ఇద్దరు. వారి కొక సహోదరుడు. అతడు చనిపోయి నాలుగు దినములైన పిదప ప్రభువు వచ్చెను. మార్త యెదురు వెళ్లినది. మరియ యింటిలో కూర్చున్నది. తరువాత ఇద్దరును వేరువేరుగా ఆయనతో చెప్పిన దొక్కటే మాట: తాను ముందే వచ్చియున్నచో సహోదరుడు చావకపోవునే యని. అది ప్రార్థన కాదు; నిష్ఠూరము. ప్రభువు దానికి కోపింపలేదు. మార్తకు పునరుత్థానమును గూర్చి బోధించెను. మరియకు బోధింపలేదు, ఆమె యేడ్చుట చూచి తానును ఏడ్చెను. అదే నిష్ఠూరమునకు ఒకరికి మాట, ఒకరికి కన్నీరు. కొంచెము సేపటికి లాజరును బ్రదికింపబోవుచున్నానని యెరిగియు ఆయన ఏడ్చుట చూడుడు! మొదటి థెస్సలొనీకయుల పత్రికలో పౌలు వ్రాసినదియు దుఃఖమును నిషేధించుటకు కాదు. నిరీక్షణ లేని దుఃఖమునకును, నిరీక్షణ గల దుఃఖమునకును భేదము చూపుటకే.

ఆ భేద మేమి? పౌలే కొరింథీయులకు వ్రాయుచు దీనిని విత్తనముతో పోల్చెను. మన పల్లెటూళ్ల స్త్రీలకు ఈ పోలిక ఒకరు విప్పి చెప్పనక్కరలేదు. ఇంట ఎంత యిబ్బంది యున్నను విత్తనపు వడ్లు దంచి వండుకొనరు. వానిని తీసికొనిపోయి నారుమడి బురదలో చల్లుదురు. చల్లిన గింజ పోయినట్లే కనబడును. మొలక వచ్చునప్పటికి ఆ గింజ రూపము మిగులదు. కాని వరి చల్లిన చోట వరియే మొలచును గాని చోడి మొలవదు. అట్లే, మేము భూమిలో నుంచిన మా అమ్మ, మహిమ గల శరీరముతోనైనను, మా అమ్మగానే లేచునని మా విశ్వాసము. నిరీక్షణ లేని దుఃఖము "అయిపోయినది" అనును. నిరీక్షణ గల దుఃఖము "ఇంకను రాలేదు" అనును. ఎదురుచూచువారికి కన్నీరు రాకుండునా? బిడ్డ దూరదేశము వెళ్లినపుడు, తిరిగి వచ్చునని తెలిసియే గదా తల్లి యేడ్చుచున్నది!

అయినను, ఇట్టి ఆలోచనలు పగటివేళ చేసినంత సులభముగా రాత్రివేళ చేయలేము. ఆదరణ కూడిక ముగిసి, వచ్చినవారందరు వెళ్లిపోయిన పిదపనే అసలు దుఃఖము మొదలగును. అమ్మ కండ్లజోడు బైబిలులో నున్న చోటనే యుండెను. వంటయింటిలో బియ్యపు డబ్బా ప్రక్కన ఒక చిన్న ముంత యుండెను. పూట పూటకు అన్నమునకు బియ్యము కొలుచునపుడు అందులో పిడికెడు దేవునికని వేరుగా తీసి ముంతలో వేసి, ఆదివారము గుడికి కానుకగా తీసికొనిపోవుట మన తెలుగు సంఘముల స్త్రీలలో పూర్వమునుండి వచ్చిన యాచారము. అమ్మ పోయిన నాలుగవనాడు నేను బియ్యము కొలుచుచు ఆ ముంత చూచితిని. అది సగము నిండియుండెను. ఏడ్చుచునే పిడికెడు తీసి అందులో వేసితిని. నాకు ఆనాడు దొరికిన యాదరణ ఏ ప్రసంగమువలనను దొరకలేదు. ఆమె విడిచిన పని నా చేతికి వచ్చినదని తోచెను.

ఇట్లు దుఃఖములోనుండి పని పుట్టిన సంగతి చరిత్రలోను కలదు. చికాగో నివాసిని యగు అన్నా స్పాఫర్డు తన నలుగురు కుమార్తెలతో ఐరోపాకు పోవుచుండగా, 1873 నవంబరు 22వ తేదీన వారెక్కిన ఓడ మరియొక ఓడతో ఢీకొని అట్లాంటిక్ సముద్రమున మునిగిపోయెను. బిడ్డలు నలుగురును పోయిరి. తల్లి యొక్కతె మిగిలెను. ఆమె భర్త హొరేషియో, భార్యను కలిసికొనుటకై అదే సముద్రము దాటిన ప్రయాణమునకు సంబంధించిన కీర్తన నేటికిని అనేక దేశములలో పాడబడుచున్నది. కాని ఆ దంపతులు కీర్తనతో నాగలేదు. 1881లో యెరూషలేమునకు వెళ్లి, మతభేదము లేక అచటి పేదలకు సేవ చేసిరి. అన్నా 1923లో కన్నుమూసెను. 1925లో ఆమె కుమార్తె బెర్తా, తల్లిని పోగొట్టుకొనిన యొక పసికందును చేరదీసి, యెరూషలేములోనే శిశుగృహము నెలకొల్పి దానికి తన తల్లి పేరు పెట్టెను. నలుగురు బిడ్డలను పోగొట్టుకొనిన తల్లి పేరట తల్లిలేని బిడ్డల కొక యిల్లు! పోయినవారికి బదులు ఎవరును రారు. కాని ఖాళీయైన చేతులకు దేవుడు పని చూపును.

మొదటి ఈస్టరు దినమున సమాధియొద్దకు వెళ్లిన స్త్రీలును పని మీదనే వెళ్లిరి. రాతిని ఎవరు దొర్లింతురో వారికి తెలియదు. అయినను సుగంధద్రవ్యములు తీసికొని చీకటితోనే బయలుదేరిరి. పునరుత్థాన వార్త మొదట తెలిసినది వారికే. మగ్దలేనే మరియ ఏడ్చుచు నిలిచియుండగా, ప్రభువు ఆమెను పేరు పెట్టి పిలిచెను. అందుచేతనే మన గ్రామములలో అనేకచోట్ల ఈస్టరునాడు తెల్లవారకముందే సమాధులు శుభ్రము చేసి, సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి కీర్తనలు పాడుదురు. పిల్లలు సమాధుల నడుమ భయము లేక తిరుగుదురు. కొందరేడ్చుచుందురు, ఆ యేడ్చువారే పాడుచు నుందురు. కన్నీరును నిరీక్షణయు ఒక్కచోట నిలుచుట చూడవలెనన్న ఆ వేకువను చూడవలెను.

సోదరీమణులారా, దుఃఖించువారి యింటికి వెళ్లినపుడు వారిని ఏడువనిండు. దేవు డెందుకు తీసికొనెనో మీరు వివరింపబోకుడు. అది మనకు తెలియదు. వారి ప్రక్కన కూర్చుండుడు. ఇంత చారన్నము కలిపి తినిపింపుడు. పిల్లలతో "అమ్మమ్మ ఊరికి వెళ్లినది" అని అబద్ధ మాడక, చనిపోయినదని చెప్పి, మరల చూతుమను నమ్మకమును కూడ చెప్పుడు. నెల గడచిన పిదప, ఎవరును రానప్పుడు, మరల వెళ్లుడు. పోయినవారి పేరెత్తి మాటాడుడు. ఆ పేరు వినుటకై వారు ఎదురుచూచుచుందురు.

కన్నీరు విశ్వాసమునకు శత్రువు కాదు. ప్రభువు తానే కార్చి దానిని పవిత్రము చేసెను. ఒకనాడు దానిని తానే తుడుచునని మన నిరీక్షణ. తుడుచువాడు వచ్చువరకు, కంట నీరున్నదని ఎవరును సిగ్గుపడనక్కరలేదు.