మూడోనాటి కాళ్ళు

పత్రికల ఆటల పేజీల్లో ‘ఫామ్’ అనే మాట మనందరికీ నిత్యం కనబడేదే. దానికి సరిపడే తెలుగు మాట కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. ‘ఊపు’ అందామంటే అది ఒక్కపూట ఉత్సాహం. ‘సత్తా’ అందామంటే అది ఎప్పుడూ ఉండే బలం. ఫామ్ ఈ రెండూ కాదు. బలమూ, సాధనా, విశ్రాంతీ, మనసూ ఒకే తేదీన ఒకచోట కలుసుకోవడం. వరిచేను కోతకు వచ్చే వేళ వంటిది. ముందే కోస్తే పాలకంకి, ఆలస్యం చేస్తే గింజ రాలిపోతుంది. ఒక ఆటమాట మీద నాకింత పట్టింపేమిటని మీరు అడగవచ్చు. కారణం మా మేనల్లుడు.

వాడు సైకిలు పందాలవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో ఆట నేర్చాడు. 2024 మే నెలలో ఒక తెల్లవారుజామున గుంపుగా సాధన చేస్తుండగా ముందున్న కుర్రవాడు అలసటతో తూలాడు. అతని వెనక చక్రానికి మావాడి ముందు చక్రం రాసుకుంది. మావాడు ఎడమ భుజం మీద పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. అప్పటికి రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలకు సరిగ్గా ఏడు వారాలుంది. మూడు రోజులు, రోజుకొక పందెం. జూనియర్ల విభాగంలో వాడికి అదే చివరి సంవత్సరం.

చేరిన ఆసుపత్రి నాంపల్లిలోని మా ఇంటికి దగ్గర కనుక శస్త్రచికిత్స తరువాత మా ఇంటనే ఉన్నాడు. అక్క పుత్తూరు కట్టు కట్టిద్దామన్నది. బావగారు ప్లేటు వేయించడానికే మొగ్గారు. సైకిలు నుండి పడినవాడికి సాధారణంగా విరిగేది ఆ ఎముకే. పడేటప్పుడు భుజమో, చాచిన చేయో నేలకు తగులుతుంది. ఆ దెబ్బంతా భుజం నుండి రొమ్ముకు పోయే ఆ సన్నని వంపు ఎముక మీదికి వస్తుంది. ప్లేటు వేసి మరలు బిగిస్తే ముక్కలు కదలవు. కనుక ఎముక పూర్తిగా అతకకముందే కాళ్ళకు పని చెప్పవచ్చు. పదోరోజున వైద్యుని అనుమతితో మేడమీది గదిలో సైకిలును ట్రైనరుకు బిగించుకొని తొక్కడం మొదలుపెట్టాడు. కదలని సైకిలు మీద చెమటలు కక్కుతున్న పిల్లవాణ్ణి చూసి మా అమ్మ, “ఎక్కడికిరా నాయనా ఈ ప్రయాణం?” అనేది.

ఆ రోజుల్లో వాడి మనసంతా జోనస్ వింగేగార్డ్ మీదే ఉండేది. 2022, 2023 సంవత్సరాల్లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన డెన్మార్కు వీరుడు. 2024 ఏప్రిల్ 4న స్పెయిన్‌లోని బాస్క్ పందెంలో కొండ దిగే మలుపు దగ్గర చాలామంది ఒక్కసారిగా పడిపోయారు. వింగేగార్డ్‌కు కాలర్ ఎముక, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తికి దెబ్బ తగిలింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అదే ప్రమాదంలో బెల్జియం కుర్రవాడు రెంకో ఎవెనెపోల్‌కు కాలర్ ఎముక, భుజపుటెముక విరిగాయి. ఆ ఏడు టూర్ జూన్ 29న ఫ్లోరెన్స్ నగరంలో మొదలు కావాలి. మావాడు కాలెండరు ముందు నిలబడి లెక్కపెట్టాడు. “అతనికి 86 రోజులున్నాయి మామయ్యా. నాకు 49.”

ఈ లెక్కలో ఒక చిక్కుంది. గాయానిది ఒక కాలెండరు, ఫామ్‌ది ఇంకొకటి, పందానిది మూడవది. మూడవది ఎవరికోసమూ జరగదు. మంచాన పడిన కొద్ది రోజులకే రక్తంలోని ద్రవభాగం తగ్గడం మొదలవుతుంది. అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఇంకొన్ని వారాలు గడిస్తే కండ ప్రాణవాయువును వాడుకొనే శక్తి సన్నగిల్లుతుంది. తిరిగి సాధన మొదలుపెట్టినప్పుడు ఒక్కరోజు సత్తా ముందుగా వస్తుంది. రోజు మీద రోజు తట్టుకొనే శక్తి అన్నిటికన్న ఆఖరున వస్తుంది. చూసేవాళ్ళకే కాదు, తొక్కేవాడికి కూడా ఈ తేడా వెంటనే తెలియదు.

స్లొవేనియాకు చెందిన తాడే పొగాచర్ సంగతి చూడండి. 2023 ఏప్రిల్ 23న లీయేజ్ పందెంలో పడి మణికట్టు ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. టూర్‌కు అప్పటికి పది వారాల వ్యవధి కూడా లేదు. విరిగింది చేయి కనుక కాళ్ళకేం లోటని చాలామంది అనుకున్నారు. అతడు రెండు వారాలకు పైగా వింగేగార్డ్‌తో సమానంగా తొక్కాడు కూడా. పదిహేడవ అంచెలో, లోజ్ కొండ మీద, ఒక్కసారిగా వెనకబడిపోయాడు. ఆ ఒక్కరోజే ప్రత్యర్థికి ఆరు నిమిషాలకు కాస్త తక్కువ కోల్పోయాడు. ఆ కొండ మీద మణికట్టు చేసిన పాపమేమీ లేదు. సాధన లేకుండా గడిచిన ఆ వారాలు మూడవ వారంలో బాకీ అడిగాయనే నా ఊహ.

సాయంకాలాలు వాణ్ణి నడకకు తీసుకుపోయేవాణ్ణి. చేయి జోలెలో వేసుకొని నాంపల్లి స్టేషను మీదుగా ఆబిడ్స్ దాకా వచ్చేవాడు. ఆదివారమైతే ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు కాలిబాటంతా పాత పుస్తకాలు పరుచుకొని ఉంటాయి. అక్కడ ఒక పాత ఇంగ్లీషు క్రీడాపత్రికలో గ్రెగ్ లెమాండ్ బొమ్మ కనిపించింది. 1986లో టూర్ గెలిచిన ఈ అమెరికనుకు మరుసటి ఏడు ఏప్రిల్‌లో వేటకు వెళ్ళినచోట తుపాకి గుండు తగిలింది. ముప్పైకి పైగా సీసపు రవ్వలు ఒంట్లోనే ఉండిపోయాయి. 1987లోనూ 1988లోనూ టూర్‌కు రాలేకపోయాడు. 1989లో వచ్చి, చివరిరోజు పందెం ముగిసేసరికి లోరాన్ ఫిన్యోన్ మీద 8 సెకన్ల తేడాతో గెలిచాడు. మావాడు ఆ 8 సెకన్లు చూసి మురిసిపోయాడు. నేను మాత్రం ఆ రెండేళ్ళు చూపించాను.

ఇంకొంచెం ముందుకు నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం. పాతవాళ్ళకు ఫతే మైదాన్. అక్కడి ఇండోర్ హాలులో ఎస్. ఎం. ఆరిఫ్ గారి దగ్గర పుల్లెల గోపీచంద్ సాధన చేశాడు. 1994లో జంట ఆట ఆడుతుండగా అతని మోకాలి లిగమెంటు తెగింది. ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగాయి. ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001 మార్చిలో, చైనా ఆటగాడు చెన్ హాంగ్ మీద 15–12, 15–6 తేడాతో. నడుమ ఏడేళ్ళున్నాయి. మనం గుర్తుపెట్టుకునేది బర్మింగ్‌హాంలో కప్పు అందుకున్న పూటను. ఆ ఏడేళ్ళూ ఈ గోడల వెనక ఎలా గడిచాయో, రోడ్డు మీద పోయే మనకేం తెలుస్తుంది?

అయిదవ వారం చివర ఎక్స్‌రే తీశారు. ఎముక చక్కగా అతుకుతోందన్నారు, రోడ్డెక్కడానికి అనుమతిచ్చారు. ఇంట్లో పండుగ వాతావరణం. బావగారు పోటీల రుసుము కట్టడానికి సిద్ధమయ్యారు. శిక్షకుడు, “వెళ్ళు, చూద్దాం” అన్నాడు. మావాడు మాత్రం తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. గండిపేట మీదుగా శంకరపల్లి దాకా పోయి తిరిగి రావడం, సుమారు 80 కిలోమీటర్లు. వరుసగా మూడు రోజులు, అదే దారి, అదే వేళ.

మొదటి రోజు దెబ్బ తగలకముందు పట్టిన సమయమే పట్టింది. రెండవ రోజు మూడు నిమిషాలు ఎక్కువ. మూడవ రోజు పద్నాలుగు నిమిషాలు ఎక్కువ. ఆనాడు ఎంత బలంగా తొక్కినా గుండె వేగం పైకి ఎక్కనే లేదట. అలసట లోలోపలికి దిగినప్పుడు అలాగే జరుగుతుందని తరువాత తెలుసుకున్నాను. భుజం మాత్రం మూడు రోజులూ ఏమాత్రం నొప్పి పెట్టలేదు.

ఆ సాయంత్రం నడకలో, “నేను వెళ్ళను మామయ్యా” అన్నాడు.

“మొదటిరోజు బాగా తొక్కితే తీసుకుంటారేమో కదరా?”

“తీసుకోవచ్చు. కానీ మూడోరోజు గుంపులో ఉండేది ఈ కాళ్ళే. నా ముందువాడు అలసి తూలాడనేగా నేను పడ్డాను. ఈసారి నా వెనక ఎవడుంటాడో!”

నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు తన చివరి అవకాశాన్ని వదులుకుంటూ వెనకవాడి భుజం గురించి ఆలోచిస్తున్నాడు. బావగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అక్క మాత్రం దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఎంపిక పోటీలు వాడు లేకుండానే జరిగాయి. వాడి జూనియర్ జట్టు కల అక్కడితో ముగిసింది.

జులైలో టూర్ చూడడానికి మళ్ళీ మా ఇంటికే వచ్చాడు. పదకొండవ అంచెలో వింగేగార్డ్ పొగాచర్‌ను గీత దగ్గర ఓడించినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తరువాతి కొండల మీద పొగాచర్ మళ్ళీ మళ్ళీ దూరమవుతుంటే మాట్లాడకుండా చూశాడు. చివరికి పొగాచర్ మొదటివాడు, వింగేగార్డ్ 6 నిమిషాల 17 సెకన్ల వెనక రెండవవాడు, ఎవెనెపోల్ మూడవవాడు. ఏప్రిల్‌లో ఒకే మలుపు దగ్గర ఎముకలు విరిగినవాళ్ళు ఇద్దరు పక్కపక్కన నిలిచారు. “వెళ్ళి ఉండాల్సిందంటావా?” అని అడిగాను. “వాళ్ళ మూడో వారానికి కాళ్ళున్నాయి. నా మూడో రోజుకు లేవు” అన్నాడు. ఆ గొంతులో దుఃఖం ఉంది గాని సందేహం లేదు.

ఇప్పుడు వాడు పెద్దల విభాగంలో తొక్కుతున్నాడు. ఇంకా ఏ జట్టులోనూ చోటు దొరకలేదు. ఫోను చేసినప్పుడు ఫామ్ ఎలా ఉందని నేను అడగడం మానేశాను. “మూడోనాటి కాళ్ళు ఎలా ఉన్నాయిరా?” అంటాను. వాడికి అర్థమవుతుంది. నిఘంటువులో ఎక్కే మాట కాదని నాకూ తెలుసు. బ్లాగ్మిత్రుల్లో ఎవరికైనా ఇంతకన్న మంచి తెలుగు మాట తెలిస్తే చెప్పండి. అంతవరకు మా ఇంట్లో దీనితోనే సరిపెట్టుకుంటాం.