కోఠీలో శబ్దం బాగుచేసే మేడ

గుజరాతీ గల్లీలో ఆ వర్క్‌షాపుకు బోర్డు లేదు. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగి, బ్యాంక్ స్ట్రీట్ జనంలోంచి దారి చేసుకుని, స్పీకర్ కోన్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ వైరు చుట్టలూ వేలాడే కొట్ల మధ్య నడిస్తే ఒకచోట ఇరుకు మెట్లు వస్తాయి. పైన రెండు గదులు. ముందు గదిలో సోల్డరింగ్ వాసన, బల్ల మీద విప్పి పెట్టిన యాంప్లిఫైయర్లు, గోడ వారన కంప్యూటర్ డబ్బాలు. వెనక గది వినడానికి. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆయన వయసు యాభై దాటింది. టేప్ రికార్డర్లతో మొదలుపెట్టి, వీసీఆర్‌లు, డీవీడీ ప్లేయర్లు చూసి, ఇప్పుడు ఎక్కువగా టీవీ పక్కన పెట్టుకునే సినిమా కంప్యూటర్లు చూస్తున్నారు.

మన ఇళ్లలో ఇది పెరిగిన అలవాటు. పాత డెస్క్‌టాప్‌ను పారేయకుండా హాల్లో టీవీకి తగిలిస్తారు. హార్డ్ డిస్కు నిండా సినిమాలు, ఘంటసాల పాటలు, పిల్లల వీడియోలు. బొమ్మ బాగానే వస్తుంది. శబ్దం దగ్గరికి వచ్చేసరికి ఏదో వెలితి. వెంటనే సౌండ్ కార్డు మార్చాలనో, ఖరీదైన వైరు కొనాలనో అనుకుంటారు. వాటివల్ల వెలితి తీరదని నాకు చాలాకాలంగా అనుమానం. అసలు కారణాలు పని చేసే బల్ల మీదే చూడాలని వెళ్లాను.

నేను వెళ్లేసరికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు కంప్యూటర్ డబ్బా బల్ల మీద పెట్టి చెబుతున్నాడు. స్పీకర్లలోంచి ఎప్పుడూ గుయ్యిమని మోత. పాట ఆపినా మోత ఆగదు.

ఉస్తాద్ తన పవర్ వైరు పెట్టి డబ్బాను తన యాంప్లిఫైయర్‌కు తగిలించారు. స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నారు. నన్నూ వినమన్నారు. ఏమీ లేదు.

"నీ డబ్బాకు ఏం రోగం లేదు తమ్మీ."

"ఇంట్ల కంప్యూటర్ తీసేస్తే మోత బందైతది ఉస్తాద్. పెడితే మళ్ల వస్తది."

"సెటప్ బాక్సు గూడ అదే ఆంప్‌కు పెట్టినవా?"

కుర్రాడు అవునన్నాడు. ఉస్తాద్ కిటికీలోంచి లోపలికి వచ్చిన కేబుల్ టీవీ వైరును ఒక పాత సెట్‌టాప్ బాక్సుకు బిగించి, దాని ఆడియో పిన్నులను అదే యాంప్లిఫైయర్‌కు పెట్టారు. మోత మొదలైంది. కేబుల్ వైరు మర ఒక్కటి విప్పారు. ఆగిపోయింది. మళ్లీ బిగించారు, మళ్లీ వచ్చింది. కుర్రాడి ముఖం చూడాలి అప్పుడు.

జరిగింది ఇది. కంప్యూటర్ మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఇంటి ఎర్త్‌కు కలిసి ఉంటుంది. కేబుల్ వైరు పైన కప్పిన అల్లిక ఎక్కడో వీధిలో ఇంకో చోట ఎర్త్ అవుతుంది. ఈ రెండు ఎర్త్‌ల మధ్య కొంచెం వోల్టేజీ తేడా ఉంటుంది. రెండూ యాంప్లిఫైయర్ దగ్గర కలవగానే ఆడియో వైరు పైపొర గుండా కరెంటు చుట్టు తిరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమనే మోత. కంప్యూటర్ తీస్తే చుట్టు తెగుతుంది, మోత ఆగుతుంది. దోషం పాపం కంప్యూటర్ మీదికి పోతుంది.

ఇంతలో ఉస్తాద్ కంటికి డబ్బాతో కుర్రాడు తెచ్చిన పవర్ వైరు ప్లగ్గు ఆనింది. మూడో పిన్ను కోసేసి ఉంది. ఎవరో మెకానిక్ అలా చేస్తే మోత తగ్గుతుందని చెప్పి కోశాడట. అంతవరకూ నెమ్మదిగా మాట్లాడిన మనిషి గొంతు పెంచారు. "సప్పుడు కోసం పానం మీదికి తెచ్చుకుంటవా? ఇంట్ల పిల్లలు లేరా?" ఆయన కోపం న్యాయమైనదే. ఎర్త్ లేని కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే జిల్లుమనడం చాలామందికి అనుభవమే. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల 230 వోల్టులలో సగం దాకా ఆ ఇనుప ఒంటి మీద నిలుస్తుంది. మామూలుగా కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుతో పోతుంది. లోపల ఏదైనా తెగి లైను డబ్బాకు తగిలిన రోజున కాపాడవలసింది ఆ మూడో పిన్నే. చూస్తే ఈ కుర్రాడి ఇంట్లో పిన్ను కోశాక కూడా మోత పూర్తిగా పోలేదు. డబ్బా టీవీకీ, యాంప్లిఫైయర్‌కూ, ఇంకా వేరే వాటికీ వైర్లతో కలిసే ఉంది కదా.

మందు రెండు రకాలు. కేబుల్ వైరు మధ్యలో ఐసోలేటర్ అనే చిన్న బిరడా పెట్టడం ఒకటి. కంప్యూటర్ నుంచి యాంప్లిఫైయర్‌కు రాగి వైరు బదులు ఆప్టికల్ వైరు వాడడం రెండోది. వెలుగు మీద వెళ్లే శబ్దానికి ఎర్త్‌తో పని లేదు, చుట్టు ఏర్పడదు. ఉస్తాద్ ముందు కొత్త ప్లగ్గు బిగించారు. మిగతా మాటలు తర్వాతే.

ఇక రెండో రోగం. డబ్బా ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రంలో వైరు పెట్టి మౌసు కదిపారు. చిర్రుమని సన్నని శబ్దం. మౌసు ఆపితే శబ్దమూ ఆగింది. ఆ రంధ్రం వైరు బోర్డు మీదుగా, గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి పాకుతూ వస్తుంది. ప్రాసెసర్ పని మారినప్పుడల్లా లోపలి కరెంటులో పుట్టే గరగర దాంట్లోకి దిగుతుంది. వెనకవైపు రంధ్రంలో పెడితే చాలావరకు తగ్గింది. బయట పెట్టే చిన్న యూఎస్‌బీ డాక్ తగిలిస్తే వినపడలేదు. అంకెలను అలలుగా మార్చే డాక్ పని ఆ రొదకు దూరంగా జరగాలి, అంతే. ఆప్టికల్ గానీ, హెచ్‌డీఎంఐ గానీ అదే మేలు చేస్తాయి. మార్చే పనిని యాంప్లిఫైయర్‌లోకో, స్పీకర్లన్నిటినీ నడిపే ఏవీ రిసీవర్‌లోకో నెట్టేస్తాయి.

అక్కడినుంచి అసలు మాటలోకి వచ్చాం. కంప్యూటర్ లోపల శబ్దానికి ఏమవుతుంది? ఉస్తాద్ విండోస్ సౌండ్ సెట్టింగు తెరిచి ఒక్కొక్కటే చూపించారు. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఆన్‌లో ఉంది. వర్చువల్ సరౌండ్ ఆన్‌లో ఉంది. సౌండ్ చిప్పుతో వచ్చిన డ్రైవర్‌లో 'కచేరీ హాలు' ఎఫెక్టు కూడా. ప్లేయర్‌లో మళ్లీ ఒక ఈక్వలైజర్. యాంప్లిఫైయర్ మీద బాస్ బూస్టు. పాల బిందె చేతులు మారినకొద్దీ నీళ్లు ఎక్కినట్టు, ఒక్కొక్కరూ మంచి చేయబోయి తలా ఒక చెంబు పోశారు. ఆయన అన్నీ ఆపేసి అదే పాట వేశారు. వాయిద్యాలు విడివిడిగా వినపడ్డాయి. గొంతు ముందుకు వచ్చింది. చప్పుడు మాత్రం కాస్త తగ్గినట్టు అనిపించింది. ఎక్కువ చప్పుడును మంచి చప్పుడనుకునే అలవాటు మన చెవులకు ఉంది, దాన్ని ఓపికగా మాన్పించాలి.

నమూనాల (శాంపిళ్ల) లెక్క కూడా ఇక్కడే చెప్పాలి. 1982లో వచ్చిన ఆడియో సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు. సినిమాలవి 48,000. విండోస్ మామూలుగా అన్ని శబ్దాలనూ ఒకేచోట కలిపి, మనం పెట్టిన ఒకే వేగానికి మార్చి పంపుతుంది. సెట్టింగు 48,000లో ఉంటే సీడీ పాటలోని ప్రతి 147 నమూనాలకు బదులు 160 కొత్తవి లెక్కగట్టాలి. పాత సౌండ్ కార్డులు కొన్ని ఈ లెక్కను నాసిగా చేసి పాట అంచులు చెడగొట్టేవి. ఇప్పటి విండోస్ బాగానే చేస్తుంది, చాలా చెవులకు తేడా తెలియకపోవచ్చు. ఉస్తాద్ ఆ సంగతి దాచలేదు. "తేడా తక్కువనే సార్. గని అక్కెర లేని పని ఎందుకు చేయించాలె?" విస్టా నాటినుంచి విండోస్‌లో వసాపి ఎక్స్‌క్లూజివ్ అనే దారి ఉంది. ప్లేయర్‌లో అది ఎంచుకుంటే పాట ఉన్న వేగంతోనే, ఎవరి చెయ్యీ పడకుండా డాక్‌కు చేరుతుంది. పాట మధ్యలో మెసేజీల టింగు టింగులు రాకపోవడం కొసరు లాభం.

సినిమాల దగ్గర మాత్రం తేడా చెవి మూసుకున్నా తెలిసేంత పెద్దది. ఆప్టికల్ వైరు మోత పోగొడుతుంది గానీ దాని దారి ఇరుకు. కుదించని శబ్దం రెండు చానళ్లకే సరిపోతుంది. 5.1, అంటే ఆరు స్పీకర్ల శబ్దం, కావాలంటే డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కుదించిన రూపంలోనే వెళ్లాలి. బ్లూరే మీద ఉండే ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో దాంట్లో పట్టవు. హెచ్‌డీఎంఐలో కుదించని ఎనిమిది చానళ్లు పడతాయి. 2006లో వచ్చిన 1.3 నుంచి ఆ పెద్ద రూపాలను ఉన్నవి ఉన్నట్టు రిసీవర్‌కు పంపవచ్చు. కోడీ ప్లేయర్‌లో దానికి పాస్‌త్రూ అనే మీట ఉంది. 2014కు ముందు ఎక్స్‌బీఎంసీ అనేవాళ్లే, అదే ఈ కోడీ.

వైరు ఏ వరసలో పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. కంప్యూటర్‌ను టీవీకి, టీవీ నుంచి రిసీవర్‌కు పెడతారు. కంప్యూటర్ ముందుగా అవతలి పరికరాన్ని నీకెన్ని చానళ్లు తెలుసని అడుగుతుంది. చాలా టీవీలు రెండే అంటాయి. అక్కడితో ఆరు స్పీకర్ల సంగతి ముగిసింది. కంప్యూటర్ రిసీవర్‌కు, రిసీవర్ టీవీకి. ఈ ఒక్క మార్పుతో దారి బాగుపడిన ఇళ్లు ఎన్నో చూశానన్నారు ఆయన.

ఇంకో ఫిర్యాదు ఆయనకు రోజూ వస్తుందట: పాటలు హోరెత్తుతాయి, మాటలు వినపడవు. 5.1 సినిమాలో మాటలు దాదాపుగా మధ్య స్పీకర్‌లో ఉంటాయి. ఇంట్లో రెండే స్పీకర్లు ఉండి, కంప్యూటర్‌లో 5.1 అని పెట్టి ఉంటే ఆ మధ్య చానల్ ఎటూ పోక మాయమవుతుంది. సంగీతం, ప్రతిధ్వనిలాంటి మాట మిగులుతాయి. స్పీకర్ సెటప్‌లో స్టీరియో అని మార్చగానే మాటలు తిరిగి వస్తాయి. అలా మార్చాక కూడా మధ్య చానల్‌ను రెండింటిలోకీ 3 డెసిబెల్స్ తగ్గించి పంచడం మామూలు లెక్క. ప్లేయర్‌లో ఆ చానల్‌ను కొంచెం పెంచుకోవచ్చు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద విషయం. మన సినిమా ప్రాణమంతా మాటలో ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు రిమోట్ పట్టుకుని మాటలప్పుడు పెంచి, ఫైట్లప్పుడు తగ్గించే తిప్పలు కొన్నిసార్లు ఈ ఒక్క సెట్టింగు తెచ్చినవే.

పాత పాటల సంగతి వేరు. ఘంటసాల కాలపు రికార్డింగులు ఎక్కువభాగం మోనో. వాటిని సరౌండ్ ఎఫెక్టులో వేస్తే రిసీవర్ రెండు వైపులా ఒకటే ఉందని చూసి మొత్తం మధ్య స్పీకర్‌లోకి తోసేస్తుంది. పెద్ద స్పీకర్లు రెండూ మూగవైపోతాయి. ఉస్తాద్ వాటికి ఎఫెక్టు తీసేసి మామూలు స్టీరియోలో వేస్తారు. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో వచ్చినప్పుడు శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చారు. అలా స్టూడియోలో కూర్చుని చేసే పని వేరు. ఇంట్లో ఒక మీట నొక్కి ఆ కాలపు శబ్దాన్ని ఆరు ముక్కలు చేయడం వేరు, దాన్ని నేను ఒప్పుకోలేను.

వెనక గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. సిమెంటు గోడలు, కింద షాబాదు బండలు. కొలత మైకు ఒకటి కుర్చీలో తల ఉండేచోట నిలిపి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా పాకే స్వరం ఒకటి వేశారు. తెర మీద గీత 47 హెర్ట్జ్ దగ్గర కొండలా లేచింది. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. పన్నెండడుగుల గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుని నిలిచే అల సరిగ్గా అక్కడికే వస్తుంది. కుర్చీ వెనక గోడకు ఆనించి ఉంది, బాస్ బరువుగా మూలుగుతోంది. కుర్చీని ముందుకు జరిపి మళ్లీ కొలిచారు. కొండ సగానికి సగం దిగింది. ఖర్చు ఏమీ లేదు.

గోడకు బొంత వేలాడదీస్తే పోదా అని అడిగాను. బొంత తాళాల గలగల లాంటి పై స్వరాలను పీలుస్తుందే తప్ప బాస్‌ను పట్టలేదు. 47 హెర్ట్జ్ అలలో నాలుగో వంతే దాదాపు ఆరడుగులు. మిగిలిన మూలుగును ఈక్వలైజర్‌తో తగ్గించవచ్చు. పొంగిన చోట కోయాలి తప్ప పల్లం ఉన్నచోట పోయకూడదు. గది మింగేసే స్వరానికి ఎంత శక్తి పోసినా స్పీకర్ అలసిపోతుందే తప్ప శబ్దం రాదు.

అప్పుడు నాకో చిక్కు తోచింది. ఎవరూ చెయ్యి పెట్టకూడదన్నారు, ఇప్పుడు మనమే పెడుతున్నాం. పైగా ఈక్వలైజర్ ఏపీవో లాంటి సాఫ్ట్‌వేర్ విండోస్ ఉమ్మడి దారిలో పనిచేస్తుంది. ఎక్స్‌క్లూజివ్ దారి పట్టిన పాట దాన్ని తాకకుండా పోతుంది. ఉస్తాద్ తల ఊపారు. "ఒక్క చెయ్యే సార్. ఆఖరికి. అదిగూడ కొలిచినంకనే." దిద్దుబాటు రిసీవర్‌లో పెడితే పాట, సినిమా, ఆట ఏ దారిన వచ్చినా అన్నిటికీ ఒకే దిద్దుబాటు. రిసీవర్ లేనివాళ్లు ఎక్స్‌క్లూజివ్ మోజు వదులుకుని ఈక్వలైజర్ పెట్టుకోవడమే మంచిదని ఆయన అభిప్రాయం. నాదీ అదే. గది చేసే చెడు ముందు నమూనాల లెక్కలో జరిగే చెడు లెక్కలోకి రాదు. ఇక ఎండాకాలం మన హాల్లో సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే సన్నని శబ్దాలేవీ మిగలవు. కంప్యూటర్ లోపల నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు వేసుకోవడం మేలే గానీ, ముందు తల మీది ఫ్యాన్ సంగతి చూడాలి.

సాయంత్రానికి కుర్రాడి డబ్బా సిద్ధమైంది. సౌండ్ కార్డు కొనడానికి తెచ్చిన డబ్బు అతని జేబులోనే ఉంది. కింది కొట్లో ఐసోలేటర్, ఆప్టికల్ వైరు కొనుక్కోమని, మిగిలింది స్పీకర్ల కోసం దాచుకోమని ఉస్తాద్ పంపించారు. పంపేముందు డబ్బా పక్కరేకు లోపల ఒక కాగితం అంటించారు. ఎఫెక్టులన్నీ బంద్. స్టీరియో. 24 బిట్. కంప్యూటర్ వాల్యూమ్ నూరు, పెంచడం తగ్గించడం ఆంప్ మీదే. 16 బిట్‌లో కంప్యూటర్ దగ్గర ప్రతి 6 డెసిబెల్స్ తగ్గించినప్పుడు ఒక బిట్ పోతుందని, అందుకే 24 బిట్, ఆ చివరి మాట అని నాకు చెప్పారు. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు డ్రైవర్ మారి ఈ సెట్టింగులు తలకిందులవుతుంటాయి. అప్పుడు మళ్లీ ఇంత దూరం రాకుండా రేకు విప్పి, చూసి, అతనే పెట్టుకోవాలి. కుర్రాడు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాడు.